దూరదేశమునకు పంపు డబ్బు: ప్రభుత్వము ఎంతవరకు అడ్డుకొనవచ్చును?

(శతజయంతి కూటములలో సంఘస్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



 ప్రమాదకరమని పేరుపడిన పరదేశములకు పౌరులు డబ్బు పంపకుండ ప్రభుత్వము అడ్డుకొనవచ్చునా అనునది మాకు అప్పగింపబడిన అంశము. ఇది బ్యాంకు మేనేజరుగారు మాట్లాడవలసిన సంగతి గదా, పాస్టరుకేమి పని అని మీలో కొందరనుకొనవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. కాని ఇదే ప్రశ్న రెండు పర్యాయములు మా ఇంటి గుమ్మములోనికి నడిచి వచ్చినది. ఆ రెండు ఇండ్ల సంగతి ముందుగా మీకు మనవి చేసి, తరువాత విషయములోనికి పోవుదుము. పేర్లు చెప్పము, ఊళ్లు చెప్పము. వారి అనుమతితోనే చెప్పుచున్నాము.

మొదటిది ఒక రిటైరైన టీచరమ్మగారి ఇల్లు. భర్త పోయి ఆరేండ్లు. పిల్లలు పట్నములో ఉన్నారు. ఫోనులో ఒక పరదేశస్థుడు పరిచయమైనాడు. తాను డాక్టరునని, భార్య చనిపోయినదని, విశ్వాసినని చెప్పుకొన్నాడు. ప్రతి ఉదయము తప్పకుండ పలుకరించెడివాడు. ముప్పై నాలుగేండ్లు పిల్లలకు చదువు చెప్పిన ఆమెను, ఈ రోజు భోజనము చేసితివా అని అడిగినవాడు ఆ సంవత్సరమంతటిలో అతడొక్కడే. మూడు నెలల తరువాత కానుకల పార్సెలు పంపినానన్నాడు. అది విమానాశ్రయములో ఆగినదని, కస్టమ్సు సుంకము కట్టవలెనని ఎవరో ఆఫీసరమ్మ ఫోను చేసినది. తరువాత మరియొక సుంకము, ఆ తరువాత మరియొకటి. నాలుగు దఫాలుగా ఆరు లక్షల ఎనభై వేల రూపాయలు పోయినవి. అది ఆమె గ్రాట్యుయిటీ డబ్బు.

సంగతి తెలిసి పెద్దకుమారుడు పరుగున వచ్చినాడు. మా ఎదుట కూర్చుండి, "అయ్యగారండీ, ఈ ప్రభుత్వము ఏం చేస్తున్నట్టు? అటువంటి దేశాలకి ఒక్క రూపాయి పోకుండా ఆర్డరు వేస్తే, మా అమ్మ డబ్బు మాకు మిగిలేది గదా!" అని అడిగినాడు. అతని కోపములో న్యాయమున్నదని మాకు తోచినది.

రెండవది ఒక కూలి కుటుంబము. కుమారుడు డిగ్రీ చదివినాడు. కంబోడియా దేశములో కంప్యూటరు పని, నెలకు అరవై వేలు జీతమని ఏజెంటు చెప్పినాడు. లక్షన్నర అప్పు చేసి పంపినారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు తీసుకొన్నారు. గేటు బయటికి పోనియ్యలేదు. అతనికిచ్చిన పని ఏమనగా, మన దేశములోని వారికి ఫోనులు చేసి, వారిని నమ్మించి డబ్బు లాగుట. చేయనన్నవానికి అన్నము లేదు. విడిచిపెట్టవలెనంటే రెండు వేల డాలర్లు జరిమానా కట్టవలెనట. ఒక రాత్రి పది గంటలకు ఆ తల్లి కొంగున కట్టుకొన్న గొలుసు విప్పి మా బల్లమీద పెట్టి, "అయ్యగారండీ, ఇది అమ్మి పంపమంటారా, వద్దంటారా? మీరేది చెబితే అదే చేస్తాను" అన్నది.

చూడండి. ఒక తల్లి డబ్బు పోయినది కనుక దారి మూయుమని ఆమె కుమారుడు అడుగుచున్నాడు. మరియొక తల్లి తన కుమారుని విడిపించుకొనుటకు దారి కావలెనని అడుగుచున్నది. పైగా మొదటి తల్లిని ఏడిపించిన పనివంటి పనినే రెండవ తల్లి బిడ్డచేత బలవంతముగా చేయించుచున్నారు. ఈ ఇద్దరికిని ఒకే నోటితో ఏమి చెప్పగలము? ఈ ప్రశ్న మమ్మును చాల రాత్రులు నిద్ర పోనియ్యలేదు. అప్పటినుండి మేము చదివి తెలిసికొన్నది మీ ముందు పెట్టుచున్నాము.

మొట్టమొదట మన దేశపు చట్టము సంగతి. ప్రభుత్వము అడ్డుకొనవచ్చునా అని మనము అడుగుచున్నాము గాని, అది ఇదివరకే అడ్డుకొనుచున్నది. మనలో పెద్దలకు 1973 నాటి ఫెరా చట్టము జ్ఞాపకముండును. ఆ కాలములో విదేశీ మారకద్రవ్యము కావలెనంటే ప్రతిదానికి అనుమతి కావలెను, తప్పిన నేరము. ఆ స్థానమున 1999లో ఫెమా చట్టము చేసి, 2000 జూన్ 1 నుండి అమలుపరచినారు. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక పథకము తెచ్చినది. దాని ప్రకారము ఏ పౌరుడైనను సంవత్సరమునకు 25,000 డాలర్ల వరకు బయటికి పంపుకొనవచ్చును. ఆ పరిమితి పెరిగి పెరిగి 2,00,000 అయినది. 2013 ఆగస్టులో రూపాయి విలువ పడిపోయినప్పుడు ఒక్కసారిగా 75,000కు తగ్గించినారు. 2015లో 2,50,000 డాలర్లు చేసినారు. అనగా దేశపు అవసరమునుబట్టి గేటు తెరచుటయు మూయుటయు ప్రభుత్వము చేయుచునే ఉన్నది.

పరిమితి ఒక్కటే గాదు. కొన్ని పనులకు ఒక్క డాలరైనను పంపరాదు. విదేశీ లాటరీ టిక్కెట్లకు పంపరాదని 2000 నాటి నిబంధనలలోనే ఉన్నది. ఉగ్రవాద ప్రమాదమున్నదని గుర్తింపబడిన వ్యక్తులకును సంస్థలకును పంపరాదు. ఈ అడ్డు తప్పని మేమనము. పౌరుని డబ్బు పౌరునిదే. కాని ఆ డబ్బు మరియొకని ఇంటిమీద బాంబై పడునప్పుడు అది అతని సొంత వ్యవహారము గాదు. కనుక అడ్డుకొను అధికారము ప్రభుత్వమునకు ఉన్నదా అనునది ప్రశ్న గాదు; ఉన్నది. దానిని ఎవరిమీద, ఎట్లు, ఎంతకాలము వాడవలెననునదే ప్రశ్న.

ఏ దేశము ప్రమాదకరమని ఎవరు చెప్పుదురు? 1989లో పారిస్ నగరములో జరిగిన ఏడు పెద్ద దేశముల సమావేశములో ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అను సంస్థను నెలకొల్పినారు. దొంగడబ్బు రాకపోకలను ఏ దేశము సరిగా అరికట్టుట లేదో ఈ సంస్థ పరీక్షించి జాబితాలు ప్రకటించును. జాబితాలు రెండు. ఒకటి నల్ల జాబితా. అందులో ఉత్తర కొరియా, ఇరాన్ ఉన్నవి. 2022 అక్టోబరులో మయన్మారును చేర్చినారు. రెండవది బూడిదరంగు జాబితా. అది నిషేధము గాదు. ఈ దేశములమీద అదనముగా కన్నువేసి ఉంచుడని చెప్పుట మాత్రమే.

ఆ రెండవ జాబితాలో 2022 మార్చి నుండి 2024 ఫిబ్రవరి వరకు ఏ దేశమున్నదో ఎరుగుదురా? దుబాయి, అబూధాబీ ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. మన కడప, తూర్పు పశ్చిమ గోదావరి, కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుండి ఎందరు బిడ్డలు అక్కడ చెమటోడ్చుచున్నారు! జాబితాలో పేరున్నది గదా అని ఆ రెండేండ్లు అక్కడికి ఇక్కడికి డబ్బు దారి మూసివేసియుంటే, మన సంఘములలో ఎన్ని పొయ్యిలు వెలుగకపోయెడివి? ఒక దేశము పేరు ప్రమాదకరమైనంతమాత్రమున అందులోని ప్రతి మనిషియు ప్రమాదకరుడు గాడు. మనకు తగిలినప్పుడు ఇది మనకు వెంటనే అర్థమగును. ఇతరులకు తగిలినప్పుడు అర్థము చేసికొనుటకు కొంచెము ప్రయాసపడవలెను.

అందుకే సోమాలియా దేశపు సంగతి కొంత వివరముగా చెప్పదలచినాము. దారి మూసినందున ఏమి జరుగునో అక్కడ జరిగినది చూచి నేర్చుకొనవచ్చును.

1991లో సోమాలియా ప్రభుత్వము కూలిపోయినది. బ్యాంకులు లేవు. లక్షలాది మంది ఇతర దేశములకు పారిపోయినారు. వారు అమెరికాలో, ఇంగ్లండులో, స్వీడనులో టాక్సీలు నడిపియు, ఆసుపత్రులలో ఊడ్చియు, నెలకు నూరు, రెండు నూరుల డాలర్లు ఇంటికి పంపుచుండిరి. హవాలా అనగా మనకు నేరమని చెవినబడును. అక్కడ మాత్రము అదే బ్యాంకు, అదే పోస్టాఫీసు. ఆ పని చేయు కంపెనీలలో అన్నిటికంటె పెద్దది అల్ బరకాత్.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో ఘోరము జరిగినది. రెండు నెలలు తిరుగకముందే, నవంబరు 7న, అల్ బరకాత్ ఉగ్రవాదులకు డబ్బు చేరవేయుచున్నదని అమెరికా ప్రభుత్వము దాని ఆఫీసులను మూయించి డబ్బును స్తంభింపజేసినది. ఒక్క దినములో ఒక దేశపు పేదల పోస్టాఫీసు మూతపడినది. తరువాత ఏమైనది? సెప్టెంబరు 11 సంఘటనను విచారించిన కమిషను సిబ్బంది 2004లో ఇచ్చిన నివేదికలో, ఆ ఆరోపణను నిలబెట్టగల సాక్ష్యము పరిశోధకులకు దొరకలేదని వ్రాసినారు. స్వీడనులోని ఆ సంస్థ శాఖ కోర్టుకు పోయినది. 2008 సెప్టెంబరు 3న యూరోపియన్ కోర్టు, వీరిమీద ఆరోపణ ఏమో చెప్పకయు, వీరి మాట వినకయు ఆస్తి స్తంభింపజేయుట చెల్లదని తీర్పు చెప్పినది. తీర్పు వచ్చుటకు ఏడేండ్లు పట్టినది. నెలకు నూరు డాలర్లతో బ్రదుకు ముసలి తల్లి ఏడేండ్లు ఆగగలదా?

ప్రమాదము లేదని మేము చెప్పుట లేదు. అల్ షబాబ్ అను ముఠాకు డబ్బు నిజముగానే పోయినది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఇద్దరు సోమాలీ స్త్రీలు 8,600 డాలర్లకు పైగా ఆ ముఠాకు పంపినట్లు రుజువై 2011లో దోషులని తేలినారు. అది న్యాయమైన విచారణయే. కాని దాని తరువాత జరిగినది చూడండి. ఆ రాష్ట్రములో సోమాలీ కంపెనీల లావాదేవీలు నడుపుచున్న బ్యాంకు, మనకెందుకీ తలనొప్పి అని, ఆ సంవత్సరము డిసెంబరు ఆఖరున ఆ పని మానుకొన్నది. అప్పుడు సోమాలియాలో ఏమి జరుగుచున్నది? కరవు. 2011 జూలైలో ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలో కరవు ప్రకటించినది. ఆ కరవులో సుమారు 2,60,000 మంది చనిపోయిరని, వారిలో సగము మంది అయిదేండ్లలోపు పిల్లలని తరువాతి అధ్యయనము తేల్చినది. ఇద్దరు చేసిన తప్పునకు, అన్నము కొరకు డబ్బు పంపుచున్న వేలమంది చేతులు కట్టివేయబడినవి.

ఇంకొక సంగతి మనకు మరింత దగ్గరగా తగులును. 2015 ఏప్రిల్ 2న కెన్యా దేశములో గరిస్సా విశ్వవిద్యాలయ కళాశాలపై అల్ షబాబ్ వారు దాడిచేసి 148 మందిని చంపిరి. చనిపోయినవారిలో అధికులు విద్యార్థులు. క్రైస్తవులెవరో అడిగి వేరుపరచి మరీ చంపిరి. ఆ వార్త వినినప్పుడు మన గుడులలోను ప్రార్థన చేసితిమి. కొన్ని దినములలోనే కెన్యా ప్రభుత్వము 13 సోమాలీ డబ్బు పంపిణీ కంపెనీల లైసెన్సులను ఆపివేసినది. బిడ్డలను పోగొట్టుకొన్న దేశమునకు అంత కోపము రావడము సహజమే. కాని కెన్యాలో లక్షల కొలది సోమాలీ శరణార్థులున్నారు. వారిలో చాలమంది ఆ ముఠాకే భయపడి పారిపోయి వచ్చినవారు. వారికి రావలసిన డబ్బును, వారు పంపవలసిన డబ్బును ఆగిపోయినవి. జూన్ నెలలో ప్రభుత్వమే ఆ నిలుపుదలను ఎత్తివేసి, ఆ కంపెనీలను మరల పని చేయనిచ్చినది. అంత గాయము తగిలినవారే మూడు నెలలలోపల ఆ దారి తెరచినారనగా, మూసివేయుట మందు కాదని వారికే తెలిసినదన్నమాట.

దారి మూసినంతమాత్రమున డబ్బు ఆగదు. తల్లి ఆకలితో ఉన్నదని తెలిసిన కొడుకు, నోట్లను సూట్‌కేసులో కుట్టి పంపును, తెలియనివాని చేతికిచ్చును. బ్యాంకులో పోయిన డబ్బుకు పేరు, తేదీ, చీటీ ఉండును, పోలీసువారు వెదకవచ్చును. సూట్‌కేసులో పోయినదానికి ఏ గుర్తును లేదు. కాబట్టి దేశమంతటికి దారి మూయుట దొంగకే మేలుగా పరిణమించును. ఈ సంగతి ఆ జాబితా వేయు సంస్థకును తెలియును. మయన్మారును నల్ల జాబితాలో పెట్టిన ప్రకటనలోనే, ఆపన్నులకు పోవు సహాయమునకును, కుటుంబములకు పోవు డబ్బునకును అడ్డు తగులకుండ చూడవలెనని వారు వ్రాసినారు.

ఈ చర్చ క్రొత్తది గాదు. క్రీస్తు పూర్వము 62లో ఆసియా ప్రాంతమునకు ఫ్లాక్కస్ అను రోమా అధిపతి ఉండెను. అచ్చటి యూదులు ఏటేటా యెరూషలేము దేవాలయమునకు బంగారము పంపుచుండిరి. ఈ ప్రాంతమునుండి బంగారము పోరాదని అతడు ఆజ్ఞ వేసి, పోగుచేసినదానిని పట్టుకొన్నాడు. అపమేయలో సుమారు నూరు పౌనులు, లవొదికయలో ఇరువది పౌనులకు పైగా చిక్కినది. లవొదికయ పేరు మనకు ప్రకటన గ్రంథమునుండి పరిచయమే. మూడేండ్ల తరువాత అతనిమీద రోములో నేరము మోపగా, సిసెరో అను గొప్ప వక్త అతని పక్షమున వాదించెను. ఆ వాదము నేటికిని నిలిచియున్నది. ఆ తరువాత అగస్టస్ కైసరు కాలములో అదే రోమా ప్రభుత్వము, యూదులు యెరూషలేమునకు పంపు ధనమును ఎవరును ముట్టరాదని రక్షణ కల్పించినది. ఒకే రాజ్యము, రెండు జవాబులు. ప్రభుత్వము తలచుకొన్న యెడల అడ్డుపడగలదు, కాపాడగలదు కూడ.

ఆ తరువాతనే పౌలు మాసిదోనియ, అకయ సంఘముల కానుకను యెరూషలేములోని బీదలకు చేరవేసినాడు. అదియు దూరదేశమునకు పంపిన డబ్బే. అతడు దానిని ఒంటరిగా మోసికొనిపోలేదు. ఎవరు తీసికొనిపోవలెనో సంఘములనే ఏర్పరచుమన్నాడు; పత్రికలు వ్రాసి పంపుదునన్నాడు; ఎవరును తప్పుపట్టకుండ దేవుని ఎదుటనే గాక మనుష్యుల ఎదుటను సరిగా ఉండవలెనని జాగ్రత్తపడినాడు. లెక్క అడిగినవారిమీద అతడు అలుగలేదు. కాబట్టి ప్రభుత్వము ఎవరికి, ఎందుకు పంపుచున్నావని అడిగినప్పుడు మనము చిన్నబుచ్చుకొనరాదు. అడుగుట వేరు, ఆపుట వేరు.

ఇక మోసపోవు అమాయకులను కాపాడు సంగతి. దీనికి కొన్ని దేశములు మంచి ఉపాయములు చేసినవి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2013 నుండి పోలీసు శాఖవారును వినియోగదారుల రక్షణ శాఖవారును కలిసి ప్రాజెక్టు సన్‌బర్డ్ అను పని నడిపినారు. పశ్చిమ ఆఫ్రికా దేశములు కొన్నింటికి మాటిమాటికి డబ్బు పంపువారెవరో లెక్కలు చూచి, వారి ఇంటికి ఒక ఉత్తరము వ్రాసెడివారు: అమ్మా, అయ్యా, మీరు మోసపోవుచున్నారేమో ఆలోచించుడని. నిషేధము లేదు, జరిమానా లేదు. ఆ ఉత్తరము అందిన తరువాత చాలమంది పంపుట మానుకొన్నారు. ఇంగ్లండులో 2024 అక్టోబరు 30 నుండి, మోసమని సహేతుకమైన అనుమానము కలిగినప్పుడు బ్యాంకు ఆ చెల్లింపును మరి 72 గంటలవరకు ఆపి విచారించుటకు చట్టము వీలు కల్పించినది. మూడు రోజులు ఆగిన యెడల నిజమైన తల్లికి పెద్ద నష్టము లేదు. దొంగకు మాత్రము ఊపిరాడదు.

మన టీచరమ్మగారికి అటువంటి ఉత్తరమొకటి వచ్చియుంటే ఎంత బాగుండెడిది! కాని ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పవలెను. ఆమె కుమారుడును మేమును కూర్చుండి బ్యాంకు చీటీలు ఒకటొకటిగా చూచితిమి. నాలుగు దఫాలలో ఒక్క పైసాయైనను విదేశమునకు పోలేదు. నాలుగును మన దేశములోనే, వేరు వేరు రాష్ట్రములలోని నాలుగు బ్యాంకు ఖాతాలకు పోయినవి. కమీషనుకు ఆశపడి ఎవరో బీదవారు తమ ఖాతాలను అద్దెకిచ్చినారు. ఫోనులోని గొంతు మాత్రమే పరదేశపుది. ఆ కుమారుడు కోరిన ఆర్డరును ప్రభుత్వము వేసియుండినను ఆమె డబ్బు మిగిలెడిది కాదు. అతడు చీటీలు బల్లమీద పెట్టి చాలసేపు మాట్లాడలేదు. చివరకు, "అయ్యగారండీ, అమ్మకి నేను వారానికి ఒక్కసారైనా ఫోను చేసి ఉండవలసింది" అన్నాడు. మేమేమియు అనలేదు. ఆ మాట మాకును తగిలినది. ఆమె మా సంఘస్థురాలే గదా.

ఇక రెండవ తల్లి సంగతి. గొలుసు తిరిగి ఆమె చేతికిచ్చి, ఏజెంటు మాటమీద ఏమియు పంపవద్దని, తెల్లవారగానే మేమును వచ్చెదమని చెప్పితిమి. పోలీసు స్టేషనుకు పోతిమి. ఆ దేశములోని మన రాయబార కార్యాలయమునకు వ్రాయించితిమి. మీకు అబద్ధము చెప్పము: ఆమె అప్పటికే సగము డబ్బు ఏజెంటు బంధువు చేతిలో పెట్టియున్నది. తల్లి మనసు అది. ఆ డబ్బును అతడు మ్రింగినాడేగాని కుమారుడు విడుదల కాలేదు. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు ఇటువంటి ఏజెంట్లను అరెస్టు చేసిన సంగతి, కంబోడియా నుండి మన యువకులు తిరిగివచ్చిన సంగతి మీరు పత్రికలలో చదివియుందురు. ఆ రోజుల తరువాతనే ఈ అబ్బాయియు ఇల్లు చేరినాడు. అతనిని తెచ్చినది రెండు వేల డాలర్లు కాదు. కేసు పెట్టుట, పేర్లు చెప్పుట, ప్రభుత్వము కదలుట.

కాబట్టి మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. ప్రభుత్వము అడ్డుకొనవచ్చును, కొన్నిచోట్ల అడ్డుకొనియే తీరవలెను. అయితే పటము చూచి కాదు, పేరు చూచి అడ్డుకొనవలెను. ఏ మనిషి, ఏ ముఠా, ఏ ఖాతా అని చెప్పవలెను. ఆపినప్పుడు కారణము తెలుపవలెను. ఆపబడినవాని మాట వినవలెను. ఎన్ని దినములో గడువు పెట్టవలెను. తప్పనిసరియై ఒక దారి మూసినప్పుడు, కుటుంబములకు అన్నము పంపుకొనుటకు మరియొక వెలుగుగల దారి ముందుగా తెరచియుంచవలెను. ఒకవేళ ఏదైన దేశములో పోయిన ప్రతి పైసాయు పాలకుల ఆయుధములకే చేరునని రుజువైన యెడల, ఆ దేశము సంగతి వేరు. అది మినహాయింపు గాని సూత్రము గాదు. ఇన్నిటికంటె ముందు, మన దేశములోనే అద్దె ఖాతాలు తెరచువారిని, మోసపు ఏజెంట్లను పట్టుకొనవలెను. ఇంటిలోని దొంగను విడిచి సముద్రమునకు గోడ కట్టిన ప్రయోజనమేమి?

దీనికి విరోధముగా ఒక మాట చెప్పవచ్చును. పేరు తెలియువరకు ఆగిన యెడల ఈలోగా ప్రాణములు పోవునుగదా, అమాయకులు కొంచెము ఇబ్బందిపడినను ఫరవాలేదని. ఈ మాటను మేము తేలికగా తీసివేయము. గరిస్సాలో బిడ్డలను పోగొట్టుకొన్నవారి ఎదుట నిలిచి దీనిని కొట్టివేయుటకు మాకు నోరు రాదు. కాని ఇబ్బంది కొంచెము కాదని సోమాలియా కరవు చూపినది. పైగా ఆ ఇబ్బంది పడువాడు ఎప్పుడును మనము గాము, దూరముననున్న ఇంకొకడు. ఇంకొకని అన్నముతో మన భద్రతను కొనునప్పుడు, కనీసము అతని మాట వినవలెను.

చివరగా, ప్రభుత్వము చేయవలసినది చెప్పి మనము ఇండ్లకు పోయిన చాలదు. మన వంతు పని మూడు మాటలలో చెప్పెదము. ఒకటి, ముఖము చూడని మనిషికి డబ్బు పంపకముందు ఇంటిలో ఒకరితో, సంఘములో ఒకరితో చెప్పుడి. ఎవరికిని చెప్పవద్దని అవతలివాడు అన్నాడంటే, అక్కడనే ఆగిపొండి. రెండు, మోసపోయిన యెడల సిగ్గుపడి దాచకుడి. 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయుడి. ఎంత త్వరగా చెప్పిన అంత డబ్బు దారిలోనే ఆపుటకు వీలుండును. మూడు, మోసపోయినవారిని చూచి నవ్వకుడి. చదువుకొన్న మనిషి ఇట్లెట్లు మోసపోయినదని ఆ టీచరమ్మగారి వెనుక గుసగుసలాడినవారు మన బెంచీలమీదనే కూర్చున్నారు. ఆమె నాలుగు ఆదివారములు గుడికి రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ గుసగుసలకు.

ఇప్పుడామె వచ్చుచున్నారు. స్త్రీల మైత్రి కూటములో తన సంగతి తానే లేచి చెప్పినారు. ఆమె చెప్పినది విని మరియొక చెల్లెమ్మ, తాను మరుసటి దినము పంపదలచిన ఎనభై వేలు ఆపుకొన్నది. ఏ ఆర్డరును ఆపలేని ఆ డబ్బును ఒక స్త్రీ సాక్ష్యము ఆపినది.